కీలు కీలూ వదులై

పాడేరు కొండల్లో ఒక తరం పాటు జనాన్ని మోసిన జీపు చివరికి పాత ఇనుము కొట్లో కాటా ఎక్కింది. ఆ పతనం మొదలైంది క్లచ్ వదిలినప్పుడల్లా బండి కింద నుంచి వచ్చే ఒక చిన్న ‘టక్’ దగ్గర. ఆ చప్పుడు ఎక్కడ వినిపిస్తోందో చాలామంది చెప్పారు. ఎందుకు వస్తోందో ఒక్క మేస్త్రి చెప్పాడు. ఆయన చెప్పిన పని కాఫీ కాలం అయ్యాక చేయిద్దామనుకున్నారు మా పెదనాన్న. జీపు అంతకాలం ఆగలేదు.

అది సీజే 3బీ. విల్లీస్ కంపెనీ 1953లో అమెరికాలో అమ్మకానికి తెచ్చిన ఎత్తు బానెట్టు నమూనా. అంతకుముందు ఇంజిన్లలో వాల్వులన్నీ పక్కన బ్లాకులో ఉండేవి. కొత్త హరికేన్ ఇంజిన్లో గాలి పీల్చే వాల్వులు పైన హెడ్డులోకి వెళ్లడంతో ఇంజిన్ ఎత్తు పెరిగింది, దానికోసం బానెట్టునూ పైకి లేపారు. 1945లో ఉక్కు వ్యాపారంతో మొదలైన మహీంద్రా సంస్థ ఆ దశాబ్దం చివర్లోనే బొంబాయిలో విల్లీస్ జీపుల బిగింపు చేపట్టింది. ఎత్తు బానెట్టు జీపును అమెరికా 1968లో ఆపేసినా మన దేశంలో ఆ రూపం ఇంకా చాలా ఏళ్లు బతికింది. అడవి శాఖ, పోలీసు శాఖ, రెవెన్యూ శాఖ, ఏ ఆఫీసు ముందు చూసినా ఆ ముఖమే కనిపించేది. ప్రభుత్వ కొలువులో అలిసి వేలానికి వచ్చిన అలాంటి జీపునొకదాన్ని పెదనాన్న పాటలో పాడుకున్నారు.

సర్వీసు జీపుగా దానికి రెండో జన్మ వచ్చింది. సంత రోజున పసుపు, చింతపండు, పిప్పళ్లు, అడ్డాకుల కట్టలు, వాటి మీద మనుషులు. కాఫీ పళ్లు కోసే కాలంలో బస్తాలు. చాలా పల్లెలకు అప్పటికి రోడ్డే లేదు. జబ్బు మనిషినో, నొప్పులు పడుతున్న ఆడకూతురినో డోలీ కట్టి కొండ దించి, జీపు రాగలిగిన ఆఖరి చోటుకు తెచ్చేవారు. ఏ అర్ధరాత్రి కబురొచ్చినా పెదనాన్న లేచి వెళ్లేవారు. గెడ్డ పొంగినా, బురద మోకాలిలోతు ఉన్నా ఆ జీపు రోడ్డు చివరన నిలబడి ఉంటుందని చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు నమ్మకం. బండికి అంతకన్నా గౌరవం ఏం కావాలి?

ఆ గౌరవం వెనక ఆయన చాకిరీ ఉంది. సంతకు ముందు రోజు సాయంత్రం గోనెసంచి పరచుకుని బండి కిందకు దూరేవారు. షాఫ్టు కొసల జాయింట్ క్రాసుల నిపుల్‌కి గ్రీజు గన్ను పెట్టి, పాత గ్రీజు నల్లగా బయటికొచ్చి కొత్తది కనిపించేవరకూ కొట్టేవారు. స్లిప్ జాయింటుకూ అంతే. గెడ్డలో లోతుగా మునిగి వచ్చిన వారం ముందు, వెనక యాక్సిళ్ల హౌసింగుల ఆయిల్ ప్లగ్గులూ విప్పి చూసేవారు. బాగా తిరిగి వేడెక్కిన హౌసింగు చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి ఒక్కసారిగా ముడుచుకుంటుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి గాలిరంధ్రం నుంచో సీలు అంచు నుంచో నీళ్లను లోపలికి లాగుతుంది. అప్పుడు గేరాయిల్ పాలలా తెల్లబడుతుంది. తెల్లబడ్డ ఆయిల్ బేరింగును కాపాడదు, తుప్పు పట్టిస్తుంది. ఆ సంగతి ఆయనకు ఎవరు నేర్పారో గానీ, ప్లగ్గు విప్పి వేలితో ఆయిల్ తీసి వెలుతురులో చూడనిదే మళ్లీ స్టీరింగు పట్టేవారు కాదు.

ఈ జీపు నిర్మాణం తెలిస్తే తప్ప దాని చావు అర్థం కాదు. ఇంజిన్ బలం గేరుబాక్సు దాటి ట్రాన్స్‌ఫర్ కేసులోకి వస్తుంది. అక్కడి నుంచి వెనక్కొక షాఫ్టు, ముందుకొక షాఫ్టు. ఫోర్ వీల్ లివరు వేస్తే రెండు షాఫ్టులూ ఒకదానికొకటి బిగుసుకుపోతాయి, మధ్యలో తేడా సర్దే డిఫరెన్షియల్ ఉండదు. విల్లీస్ లెక్కలో లో గేరు 2.46 రెట్లు, వెనక హౌసింగులో క్రౌనుకు 43 పళ్లు, పినియనుకు 8. మొదటి గేరులో, లోలో ఎక్కుతున్నప్పుడు ఇంజిన్ తోపు చక్రం దగ్గరికి సుమారు 37 రెట్లై చేరుతుంది. 75 గుర్రాల ఇంజిన్ కొండ ఎక్కించే రహస్యం అదే. దారిలో ఎక్కడ వదులున్నా, ఆ 37 రెట్ల బలం ముందు ఆ ఖాళీని దూకి, తర్వాతి భాగాన్ని సుత్తిలా కొడుతుంది. ఇంకొక సంగతి. ఈ జీపులో చేతి బ్రేకు చక్రాల దగ్గర ఉండదు. ట్రాన్స్‌ఫర్ కేసు వెనక, షాఫ్టు మొదట్లో ఒక డ్రమ్ము ఉంటుంది. లివరు లాగితే ఆగేది షాఫ్టు. షాఫ్టుకూ చక్రానికీ మధ్య సంబంధం ఉన్నంతవరకే చక్రం ఆగుతుంది.

పెట్రోలు ధర మోయలేక ఒక ఏడు పెదనాన్న హరికేన్ ఇంజిన్ దించి డీజిల్ ఇంజిన్ ఎక్కించారు. ఆ రోజుల్లో కొండ మీది జీపులన్నిటికీ అదే గతి. ఖర్చు తగ్గింది, లాగుడు పెరిగింది. డీజిల్ ఇంజిన్ మెల్లగా తిరుగుతూ కొట్టే ఒక్కొక్క దెబ్బా పాత గేరుబాక్సు మీదా, జాయింట్ల మీదా పడసాగింది. దానికంటే పెద్ద నష్టం ఇంకోటి జరిగింది. ఇంజిన్ రొదలో బండి కింది చప్పుళ్లు మునిగిపోయాయి. ఆ చప్పుళ్లు వినడం తెలిసిన మనిషి కూడా అప్పుడే స్టీరింగు వదిలారు. మోకాళ్ల నొప్పులతో పెదనాన్న అరుగు మీదికి చేరి, జీతానికి డ్రైవరును పెట్టుకున్నారు. కుర్రాడు చురుకైనవాడు, మంచివాడు. బురద రోడ్డు దాటి తారు రోడ్డెక్కాక కూడా ఫోర్ వీల్ తియ్యడం మరిచేవాడు. వెనక చక్రాలకు కొత్త టైర్లు, ముందు అరిగినవి. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, అరిగిన టైరు మరీ ఎక్కువ తిరగాలి. బురదలో టైరు జారి ఆ తేడా తీరిపోతుంది. ఎండిన తారు మీద జారదు. షాఫ్టులు, గేర్లు, యాక్సిళ్లు లోలోపల మెలితిరిగి బిగుసుకుంటాయి, ఎక్కడో ఒకచోట పట్టు విడిచి ధడాలున మోగుతాయి. అలా రోజూ ఎవరికీ కనిపించని దెబ్బలు తింది ఆ జీపు.

మొదట వచ్చింది కిచకిచ. మెల్లగా వెళ్తుంటే షాఫ్టు చుట్టుకొకసారి పిచ్చుక అరిచినట్టుండేది. గ్రీజు అందక క్రాసు టోపీలో సూది బేరింగులు ఎండిపోయాయని దాని అర్థం. నాలుగు రోజులకు అది తగ్గింది. బాగైపోయిందనుకున్నారు. సూదులు పొడి అయిపోయి అరవడం మానేశాయి, వాటి చోట ఖాళీ ఏర్పడింది. అప్పుడు వచ్చింది ‘టక్’. బండి కదలగానే ఒకటి, గేరు మార్చి క్లచ్ వదిలితే ఒకటి, ముందుకు వెళ్లి వెనక్కి తీస్తే ఒకటి. క్రాసు టోపీ అంచున కుంకుమలాంటి ఎర్రటి తుప్పు పొడి కనబడితే ఆ జాయింటు పని అయిపోయినట్టే.

కొండ కింద మైదానంలోని ఒక షెడ్డులో క్రాసు మార్చారు. కొత్తది, మంచిదే. విప్పిన షాఫ్టును మళ్లీ కలిపేటప్పుడు స్లిప్ జాయింటు మీద ఉండే రెండు బాణం గుర్తులు ఎదురెదురుగా పెట్టలేదు. చూడటానికి చాలా చిన్న తేడా. క్రాసు జాయింటు వంగి తిరిగినప్పుడు అటువైపు షాఫ్టు ఒకే వేగంతో తిరగదు. ప్రతి చుట్టులో రెండుసార్లు వేగం పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. రెండో కొస జాయింటు ఆ హెచ్చుతగ్గులను సరిచేస్తుంది, రెండు కొసల యోకులూ ఒకే వరసలో ఉంటేనే. వరస తప్పితే సరిచేయాల్సినది ఇంకా చెరుస్తుంది. ఘాట్ రోడ్డు మీద పాతిక కిలోమీటర్ల వేగంలో అది తెలియలేదు. నర్సీపట్నం దాటి చదును రోడ్డు మీద వేగం అందుకుంటే నేల అదిరేది. ఆ అదురు ట్రాన్స్‌ఫర్ కేసు వెనక బేరింగునూ, హౌసింగులో పినియన్ బేరింగునూ తింటూ వచ్చింది.

అదే షెడ్డులో వెనక బ్రేకు లైనర్లు వేయించారు. ఈ జీపుల వెనక యాక్సిల్ కొస పోనుపోను సన్నబడి ఉంటుంది. హబ్బు ఆ వాలు మీద గట్టిగా కూర్చుంటుంది. యాక్సిల్లో, హబ్బులో చెక్కిన గాడిలో ఒక ఉక్కు కీ ఉంటుంది. బయట నట్టు, ఆ నట్టుకు కాటర్ పిన్. లోడును మోయాల్సింది కీ కాదు, వాలు మీద హబ్బు పట్టు. ఆ పట్టు రావాలంటే నట్టును కనీసం 150 ఫుట్‌పౌండ్ల బలంతో, స్పానరుకు పొడుగు పైపు తొడిగి బిగించాలి. బిగించాక కాటర్ పిన్ రంధ్రం ఎదురుపడకపోతే ఇంకా ముందుకే తిప్పాలి. కుదరలేదని వెనక్కి వదిలితే పట్టు పోతుంది. కుడి చక్రం నట్టును వెనక్కే వదిలారు. పిన్ చక్కగా దూరింది. పైనుంచి చూస్తే ఏ లోపమూ లేదు.

చప్పుడు ముదిరాక పెదనాన్న తన పాత మేస్త్రిని పిలిపించారు. చూపు మందగించి షెడ్డు కొడుకులకు వదిలేసిన మనిషి. వచ్చి బండి ఎక్కలేదు. చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టించి, గేరు న్యూట్రల్ చేసి, చేతి బ్రేకు వదిలి కిందికి దూరాడు. ప్రతి జాయింటును రెండు చేతులతో పట్టి ఒక చెయ్యి అటూ ఒక చెయ్యి ఇటూ మెలితిప్పాడు. పినియన్ ముక్కును కిందికీ పైకీ ఊపాడు. తర్వాత చేతి బ్రేకు లాగించి, వెనక ఒక చక్రం జాకీ మీద లేపి, ముందుకూ వెనక్కీ తిప్పి ఎంత ఆడుతోందో చేత్తోనే కొలిచాడు. షాఫ్టు మొదలు బిగిసి ఉంది గనక ఆ ఆటంతా షాఫ్టు నుంచి చక్రం దాకా ఉన్నది. మళ్లీ చేతి బ్రేకు వదిలి, గేరులో పెట్టి అదే చక్రాన్ని తిప్పాడు. ఈసారి ఎక్కువైన ఆట ట్రాన్స్‌ఫర్ కేసుదీ, గేరుబాక్సుదీ. ఆ తర్వాత చక్రాలు దించి, డ్రైవరు చేత బ్రేకు తొక్కించి, క్లచ్ సగం వదిలిస్తూ ఒకసారి ముందుకూ ఒకసారి వెనక్కూ లాగించాడు. తాను పక్కన దూరంగా నిలబడి ఇంజిన్ ఎంత లేస్తోందో, పినియన్ ముక్కు ఎంత ఎగురుతోందో చూశాడు. చివరగా కుడి హబ్బు మూత తీయించి, యాక్సిల్ కొస మీద నుంచి హబ్బు మీదికి సుద్దతో ఒక గీత గీశాడు. జీపును నాలుగడుగులు ముందుకూ వెనక్కూ నడిపించాక వచ్చి చూస్తే, గీత రెండు ముక్కలై ఉంది.

“మేస్త్రీ, చప్పుడు గేరుబాక్సు కాడే కదా ఇనబడతంది?” అన్నారు పెదనాన్న.

“ఇనబడ్డ కాడే రోగం ఉండదు బాబూ. ఈ సివర కొడితే ఆ సివర మోగే ఇనుము ఇది. పసిగుంట ఏడిస్తే నొప్పెక్కడో ఏడుపే సెప్తాదా? ఒళ్లంతా మనమే తడిమి సూడాల.”

ఆయన చెప్పిన వరస నాకు ఇప్పటికీ గుర్తుంది. ముందు బాణాలు కలిపి షాఫ్టు వెయ్యాలి. కుడి హబ్బు ఊడదీసి కీ మార్చాలి, గాడి వెడల్పయితే యాక్సిలే మార్చాలి. హౌసింగు విప్పి తెల్లబడ్డ ఆయిల్ పారబోసి, పినియన్ బేరింగులు వేసి, పళ్ల మధ్య ఖాళీ మిల్లీమీటరులో సుమారు ఐదో వంతుకు తేవాలి. ఇంజిన్ రబ్బర్లు ఆఖరున. వెళ్లబోతూ ఒక మాటన్నాడు. “ఈ సప్పుడు బరించలేక ఎవరైనా ముందు షాఫ్టు తీసీమంటారు బాబూ. తీసీకండి. నాలుగు సెక్రాలూ కలిసుంటేనే ఇది కొండ మీద నిలబడతాది.”

అది కాఫీ పళ్ల కాలం. బండి రెండు వారాలు పండబెడితే ఏడాది రాబడి పోతుంది. ఇంట్లో పెళ్లి పెట్టుకున్నారు. హౌసింగు విప్పించడం సీజను అయ్యాకనే అనుకున్నారు పెదనాన్న. ఆయన ఆ జీపును ఎంత ప్రేమించారో నాకు తెలుసు. ఆయన చేతిలో ఆ నెల డబ్బు లేదనీ తెలుసు. పేదవాడి బండి సగం రోగంతో చస్తుంది, సగం వాయిదాతో చస్తుంది.

సీజను మధ్యలో చప్పుడు జనం భయపడేంతగా పెరిగింది. డ్రైవరు మైదానం షెడ్డుకే తీసుకెళ్లాడు. వాళ్లు వినబడ్డ చోటే విప్పారు. ముందు ఇంజిన్ రబ్బర్లు మార్చారు. కొన్నాళ్లు తగ్గింది. నిజానికి చిరిగిన రబ్బరు ఆ కుదుపులో కొంత మింగేది, కొత్త గట్టి రబ్బరు మొత్తం దెబ్బను వెనక్కి పంపింది. తర్వాత గేరుబాక్సు దించి చూశారు, ఏమీ దొరకలేదు, మళ్లీ ఎక్కించారు. ఆఖరుకు ముందు షాఫ్టు గలగలమంటోందని దాన్ని విప్పి వెనక సీటు కింద పడేశారు. ఫోర్ వీల్ లివరు ఉంది, దాన్ని వేస్తే పని చేయడానికి షాఫ్టు లేదు. మేస్త్రి వద్దన్న పని అదొక్కటే. అదే జరిగింది.

తుపాను ముసురు పట్టిన ఒక సాయంత్రం జీపు కాఫీ బస్తాలతో వస్తోంది. గెడ్డ దగ్గర జనాన్ని దింపి, వాళ్లు వెనక మెల్లగా దాటుతుండగా, డ్రైవరు బండిని నీళ్లలోంచి ఒడ్డుకెక్కించాడు. గెడ్డ దాటగానే నిట్టనిలువు ఎక్కుడు. మొదటి గేరు, లో. సగం ఎక్కేసరికి వెనక కుడి చక్రం దగ్గర ఒక్క ‘ఠంగు’. ఇంజిన్ ఒక్కసారిగా ఏ బరువూ లేనట్టు అరిచింది. బండి ఆగి, వెనక్కి కదిలింది.

హబ్బు లోపల కీ తెగిపోయింది. కుడి యాక్సిల్ హబ్బులో ఊరికే తిరుగుతోంది. డిఫరెన్షియల్ స్వభావం ఏమిటంటే, ఒక వైపు అడ్డు లేకుండా తిరిగితే రెండో వైపుకు బలం ఇవ్వదు. కుడి చక్రంతో సంబంధం తెగితే ఎడమ చక్రమూ చచ్చినట్టే. కుర్రాడు కాలి బ్రేకు మీద నిలబడ్డాడు. అప్పుడే నీళ్లలోంచి వచ్చిన డ్రమ్ములు తడిసి జారాయి. చేతి బ్రేకు గుండెల దాకా లాగాడు. ఆ బ్రేకు తన పని తాను చేసింది, షాఫ్టును గట్టిగా పట్టుకుంది. ఆ షాఫ్టు చెప్పినట్టు వినే చక్రం వెనక ఒక్కటీ లేదు. ముందు షాఫ్టు ఉండి ఫోర్ వీల్ వేసి ఉంటే అదే చేతి బ్రేకు ముందు చక్రాలను పట్టుకునేది. కుర్రాడు తెలివిగా స్టీరింగు తిప్పి, లోయ వైపు కాకుండా కొండ వైపు రాతికి వెనక భాగాన్ని కొట్టించి ఆపాడు. అతని చెయ్యి విరిగింది, ప్రాణం దక్కింది. జనం ఇంకా నీళ్లు దాటలేదు. హౌసింగు వంగింది, ఛాసిస్ మెలితిరిగింది.

మేస్త్రి వచ్చి హౌసింగు విప్పాడు. ఆయిల్ తెల్లగా, అడుగున ఉక్కు రజను. పినియన్ బేరింగు గుంటలు పడి ఉంది. ఎనిమిది పళ్లలో రెండింటి అంచులు లేచిపోయాయి. హబ్బులో కీ గాడి రెండింతలు వెడల్పయింది. ఒక్కొక్క భాగం తీసి గోనె మీద వరసగా పెట్టాడు. ఎండిన క్రాసు ఖాళీ ఇచ్చింది, వరస తప్పిన షాఫ్టు అదురు పుట్టించింది, ఆ అదురు పినియన్ను వదులు చేసింది, పినియన్ వదులు ప్రతి కుదుపునూ పెద్దది చేసింది, ఆ కుదుపులన్నీ పట్టులేని హబ్బులోని కీ మీద పడ్డాయి. జతకు జత, వదులుకు వదులు. చిటికెన వేలంత ఉక్కు ముక్క ఎన్నాళ్లు ఓర్చుకుంటుంది?

బాగు చేయడానికి అడిగిన డబ్బుకు అప్పటికే కొత్త రకం బండి వాయిదాల మీద వస్తోంది. జీపు పెరట్లో నిలబడింది. డీజిల్ ఇంజిన్ ఒకరు, ట్రాన్స్‌ఫర్ కేసు ఒకరు, ఎత్తు బానెట్టును వేడుకకు మరొకరు కొనుక్కున్నారు. మిగిలింది కాటాకు వెళ్లింది. పెదనాన్న ఆ రోజు ఇంట్లోంచి బయటికి రాలేదు. మేస్త్రి మరుసటేడు పోయాడు. ఆయన కొడుకులు ఇప్పుడు కొత్త బళ్లు చూస్తున్నారు, ఆ పనిలో వాళ్లు దిట్టలే. పాత జీపు కింద పడుకుని రెండు చేతులతో ఆట కొలిచే విద్య మాత్రం ఆయనతోనే వెళ్లింది.

15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్లను 2023 ఏప్రిల్ 1 నుంచి రద్దు చేస్తున్నారు. శాఖల జీపులు వేలంలో చేతులు మారి కొండెక్కి మరో జీవితం గడిపే రోజులు ముగిశాయి. కాబట్టి ఇప్పటికి మిగిలి తిరుగుతున్న పాత ఫోర్ వీల్ బళ్లు ఎవరి దగ్గరున్నా, అవి చివరివే. వాటి కింద ‘టక్’ మంటే ఆ వారమే చూడండి. క్రాసు నుంచి చక్రం దాకా ఒక్కొక్క చోటా చేత్తో కదిపి చూడండి. షాఫ్టు విప్పేముందు గుర్తు పెట్టండి. నట్టును వెనక్కి వదలనివ్వకండి. చప్పుడు తగ్గించడానికి ఏ భాగాన్నీ తీసి పారేయకండి.

మా జీపుకు ముసలితనం వచ్చింది గానీ చావు వేళ రాలేదు. దానికి కావలసినవి ఒక కొత్త కీ, పూర్తిగా బిగించిన ఒక నట్టు, సీజను మధ్యలో రెండు వారాల విశ్రాంతి. కీ, నట్టు బిగించే చెయ్యి కొండ కిందే ఉన్నాయి. విశ్రాంతి ఒక్కటే మా ఇంటి స్తోమతకు మించింది. డోలీలకు ఎదురెళ్లి అంతమందిని బతికించిన బండికి ఆ రెండు వారాలు దొరక్కపోవడం నాకు ఇవాళ్టికీ మింగుడుపడని అన్యాయం.